వెనక్కి దిగిన పెళ్లికొడుకు

ఆ రోజుల్లో నాకు జీవితం మీద ఎంత నమ్మకమంటే, కారుకి రివర్సు గేరు ఎందుకు పెట్టారో అర్థమయ్యేది కాదు. నెల్లిమర్లలో ఓ ఖాళీ మైదానంలో డ్రైవింగు నేర్చుకున్నాను. వెనక్కి రావాల్సినప్పుడల్లా మైదానమంతా చుట్టి వచ్చేవాణ్ణి (భూమి గుండ్రంగా ఉన్నందుకు నాకంటే ఎక్కువ లాభపడినవాడు లేడు). అలాంటి నేను స్నేహితుడి కారు తెచ్చుకుని, పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఏటి అవతలి ఊరికి పెళ్లిచూపులకి బయలుదేరాను. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ తప్పితే ఇక తను తిరగలేనని పెద్దమ్మ దారి పొడుగునా చెబుతూనే ఉంది.

ఏరు సముద్రంలో కలిసేచోట దాటించడానికి పంటు ఉంది. రెండు పడవలు జతకట్టి పైన చెక్కలు పరిచారు. ఒక కారు, నాలుగు మోటారు సైకిళ్లు, చేపల గంపలతో ఆడవాళ్లు పడతారు. ఎక్కేదీ దిగేదీ ఒకటే వైపు. అందుకని అక్కడ కార్లన్నీ వెనక్కి నడిపి ఎక్కిస్తారు, అవతల దర్జాగా ముందుకి దిగుతారు. పంటు నడిపే సరంగు ఆ మాటే చెప్పాడు. “బాబూ, ఎనక్కెట్టి ఎక్కించాల.” పెళ్లికొడుకు హోదాలో ఉన్న నేను వినపడనట్టు ముందుకే ఎక్కించేశాను.

అవతలి ఒడ్డున ఆడపిల్లవారు ఎదురుచూస్తున్నారు, నా వీపు వెనకాల. ఎదురుగా నీళ్లు. ధైర్యం చేసి గేరు వేస్తే కారు నీళ్ల వైపే జానెడు దూకింది. పెద్దమ్మ ముఖలింగేశ్వరుడికి ఏవేవో మొక్కేసి పళ్ల సంచితో సహా దిగిపోయింది. కారు కదిలితేగాని గంపలు కదలవు. ఓ చేపలామె కిటికీలోంచి తొంగిచూసి, “నువ్వు దిగీసరికి నా సేపలు ఎండు సేపలైపోతాయి నాయినా” అంది.

ఇంతలో ఒడ్డు మీంచి ఒకమ్మాయి పంటెక్కి వచ్చింది. “గేరు తీసీండి. స్టీరింగు తిన్నగా అట్టుకోండి, మేం లాగుతాం.” సరంగు, చేపలవాళ్లు, కాబోయే మామగారు, అందరూ తలో చెయ్యీ వేశారు. నేను సముద్రం వైపు గంభీరంగా చూస్తూ, వెనక్కి వెనక్కి, అత్తవారి ఊళ్లో ప్రవేశించాను.

ఇంట్లో కాఫీ తెచ్చింది ఆ అమ్మాయే. సంబంధం తప్పినట్టేనని పెద్దమ్మ చెప్పుల కోసం చూస్తోంది. లోపల్నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది.

“కారు ఎనక్కి తియ్యడవే రానోడు సంసారం ఏటి లాగుతాడే?”

“ఆడు లాగక్కర్లేదమ్మా. లాగితే వస్తన్నాడు, అది సాలు.”

(అప్పటికి నేనింకా ‘ఆడు’నే. గౌరవం పెళ్లయ్యాక వచ్చింది, అదీ నలుగురిలో.)

ఇప్పుడు నా కారుకి వెనక కెమెరా ఉంది, నాకూ రివర్సు వచ్చు. అయినా ఎక్కడ బండి పెట్టాలన్నా ఆవిడ దిగి వెనక నిలబడి, రండి రండి అని చెయ్యి ఊపుతుంది. నేను కెమెరా చూడను. అద్దంలో ఆవిడనే చూసుకుంటూ, ఆనాటి పంటు మీది కుర్రాడిలాగే బుద్ధిగా వెనక్కి వస్తాను.