నా చర్మంలో పురుగులున్న రోజులు

సహోదరులారా, పురుగులు! ఒళ్లంతా పురుగులే! పలాసలో ఏళ్ల తరబడి జీడిపప్పు పొట్టు తీసినదాన్ని, ఆ పప్పులో పురుగే నా చర్మంలోకి దూరి పిల్లలు పెట్టిందని నమ్మాను, పాకుతున్నట్టు, కుడుతున్నట్టు తెలుస్తూనే ఉంటే ఎలా నమ్మకుండా ఉంటాను చెప్పండి! వేపాకు నీళ్లు పోసుకున్నాను, చివరికి కిరసనాయిలు కూడా రాసుకున్నాను, చర్మం ఊడింది గాని పురుగు పోలేదు. గీరితే రాలినదాన్ని అగ్గిపెట్టెలో పెట్టి టెక్కలిలో చర్మం డాక్టరుకు చూపిస్తే, దారపు పోగులూ ఎండిన చర్మమూ తప్ప ఏమీ లేదన్నారు. ఇంకో డాక్టరుదీ అదే మాట, పైగా మనసు డాక్టరుకు చూపించుకుని మందు తినమన్నారు, మా ఆయనదీ అదే మాట! "ప్రభువా, వీళ్ల కళ్లు తెరువు తండ్రీ" అని విసిగి వేసారి ప్రార్థించేదాన్ని.

ఇంతలో పురిటికి వచ్చిన నా కూతురు సునీతకు పాప పుట్టింది. పసిదాని వీపు మీద ఎర్రటి పొక్కు చూసి, నా పురుగే అంటుకుందని కిరసనాయిలు గుడ్డ పట్టుకుని వెళ్లాను. సునీత పాపను లాక్కుంది.

"ఏటి సేత్తన్నావే అమ్మా! అది సెమట పొక్కు! నువ్వు మందు తినేదాకా దీన్ని ముట్టుకోకు!"

అలా ఏడుస్తూనే వజ్రపుకొత్తూరులో అత్తవారింటికి వెళ్లిపోయింది.

అప్పుడు మా పాస్టరమ్మగారు నన్ను మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లారు. పిచ్చి డాక్టరు దగ్గరికా అని బస్సులో దారంతా కసురుతూనే ఉన్నాను! ఆ డాక్టరమ్మ మాత్రం నా అగ్గిపెట్టె తెరిచి ఓపికగా చూశారు. "నీ బాధ నిజమేనమ్మా. పురుగు మాత్రం నాకు కనబడలేదు. అబద్ధం చెప్పను, నేను రాసిచ్చేది మనసు జబ్బుకు ఇచ్చే మందే. ఆ పాకే బాధను తగ్గిస్తుంది" అన్నారు. ఒక్కరైనా నా బాధ నిజమన్నారు!

బయటికొచ్చి, "తింటాను గానీ, పురుగులున్నాయి సూడండి" అన్నాను.

"ఉన్నాయో నేవో తరవాత సూద్దాం, ముందు మింగు" అన్నారు పాస్టరమ్మగారు.

కోపంగానే మింగాను. మొదట్లో ఒకటే నిద్ర, నోరు ఎండిపోయేది, చెబితే మోతాదు సరిచేశారు. కొన్ని వారాలకు, గిన్నెలు తోముతూ ఉండగా తెలిసింది, ఒంటి మీద ఏదీ పాకడం లేదు! దేవునికే మహిమ! మొన్న సునీత వచ్చి, పాపను నా ఒళ్లో పెట్టి, తాను పక్కగదిలో నిశ్చింతగా నిద్రపోయింది.

అయినా, "విశ్వాసముంటే మాత్రలెందుకు" అని నా చెవిలో చెప్పేవాళ్లున్నారే, మీకో దండం, ఊరుకోండి! మీరు బీపీ మాత్ర వేసుకుని ఆరాధనకు రావడం లేదా? దేవుడు నా మొర విని, జవాబును ఆ డాక్టరమ్మ చేత ఇప్పించాడు, ఆమె చెప్పేదాకా నేను మానను. మీ ఇంట్లో ఇలా గీరుకుంటూ ఏడ్చేవారుంటే నవ్వకండి, వాదించకండి. ప్రభువును నమ్మి ప్రార్థించండి, ప్రార్థించి లేచి, వాళ్లను చెయ్యి పట్టుకుని బస్సెక్కించండి!