ఇల్లు చూడ్డానికి వచ్చిన ఆదివారం

నేను అక్షరాలు నేర్చింది యాభై రెండో ఏట. అంతకు ముందు వేలిముద్రే. నా రాతలో సొగసు ఉండదు, జరిగింది ఉంటుంది.

మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నర్సింగ్ చదువుతానంది. నా కూతురు పోయింది. అల్లుడు ఇంకో పెళ్లి చేసుకుని ఇటు రావడం మానేశాడు. పిల్లకి నేను, నాకు కూలిపని. నాట్లు యంత్రాలు వేస్తున్నాయి, మాకు మిగిలింది కలుపు తీయడమే. విజయవాడలో ఒక ట్రస్టు ఇంటర్ అయిన పేద పిల్లలకు కాలేజీ ఫీజూ హాస్టలు ఖర్చూ కడుతుందని వాళ్ల లెక్చరర్ చెప్పాడట. పిల్ల ఫారం తెచ్చింది. అందులో ఒక పేజీ ఇంటిపెద్ద సొంత చేత్తో రాయాలి: ఇంటి పరిస్థితి ఏమిటి, సాయం ఎందుకు కావాలి.

రెండు రోజులు కూర్చుని రాశాను. గన్నవరం అవతల కాలవగట్టు మీద రేకుల ఇల్లు, ఒకటే గది, కుర్చీ కూడా లేదు, వానొస్తే మంచం జరుపుకోవాలి. ఉన్నదున్నట్టే రాశాను. పిల్ల చదివి, "ఒక్క ముక్క దిద్దక్కర్లేదు అమ్మమ్మా" అంది.

నెల తర్వాత ఫోనొచ్చింది. ఆదివారం ఇల్లు చూడ్డానికి ఇద్దరు వస్తారని.

అక్కడ గడ్డి తిన్నాను. మావైపు ఇంటికి పెద్దవాళ్లు వస్తున్నారంటే, పెళ్లిచూపులకు వచ్చినా, ఓట్లడగడానికి వచ్చినా, చాప మీద కూర్చోబెట్టం. లేకపోతే అరువు తెస్తాం. అందరూ చేసేదే.

పక్కింటామె గోడ మీంచి అడిగింది. "ఏంటి పిన్నీ, బెజవాడ నుంచి పెద్దోళ్లొస్తంటే నులకమంచం వాలుస్తావా?"

"కుర్చీలెక్కడున్నాయే నాకు?"

"మాయి పట్టుకుపో. కూలరు కూడా పట్టుకుపో. చెమటలు కారుకుంటా మాట్లాడతారా ఏంటి పాపం!"

నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, కూలరు వచ్చింది, గుమ్మానికి పూల తెర వచ్చింది. ఆమె గొలుసు తీసి పిల్ల మెళ్లో వేసింది. నేను గారెలు వండి, కూల్‌డ్రింకు సీసా తెప్పించాను.

పిల్ల పొద్దుట్నుంచీ గొణుగుతూనే ఉంది. "వాళ్లు మనకేం లేదో చూడ్డానికొస్తన్నారు అమ్మమ్మా. ఉన్నట్టే ఉండనియ్యి."

"లేదని కాగితం మీద రాశాగా. మళ్లీ మొహాన కూడా చూపించాలా? నలుగురిలో నా తల తీసేస్తావా? నోర్మూసుకుని జడేసుకో."

ఒకాయనా, గంజిపెట్టిన నూలుచీరలో ఒకావిడా వచ్చారు. గారెలు తిన్నారు, బాగున్నాయన్నారు. ఆయన ఫోనుతో గది నాలుగు మూలలా ఫొటోలు తీశాడు. ఆవిడ చల్లగాలికి ఎదురుగా కూర్చుని అడిగింది.

"కూలరు కొత్తదిలా ఉందే. ఎప్పుడు కొన్నారండీ?"

పక్కింటామె గుమ్మంలోనే నిలబడి ఉంది. ఊళ్లో నా నోటికి జడిసేవాళ్లున్నారు. కూలి తగ్గిస్తే మేస్త్రీని మొహానే కడిగేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఆమె ఎదుట అరువు సరుకని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

"పోయిన ఎండాకాలమండీ."

"అమ్మాయి గొలుసో?"

"వాళ్లమ్మదండీ."

పిల్ల తలెత్తి నావంక చూసింది. గొలుసు చున్నీ కిందికి తోసుకుని బయటికి పోయింది. ఆవిడ ఏదో రాసుకుంది.

పది రోజులకు మెసేజీ వచ్చింది. ఎంపిక చేయలేదట. ఫారంలో రాసినదానికీ ఇంట్లో చూసినదానికీ పొంతన లేదట.

బస్సెక్కి వాళ్ల ఆఫీసుకి పోయాను. ఆవిడే ఉంది. కుర్చీలూ కూలరూ గొలుసూ, అంతా చెప్పాను. విసుక్కోకుండా విన్నది.

"ఫారంలో ఒకటి రాశారు, ఇంట్లో ఇంకోటి చెప్పారు, ఇప్పుడిది. పైవాళ్లకి నేను ఏది చెప్పనండీ?"

"ఇవాళే రండమ్మా మా ఇంటికి. చెప్పాపెట్టకుండా రండి. నేను బయటే ఉంటా."

"ఈ ఏడాది పిల్లల్ని తీసుకోవడం అయిపోయిందండీ. కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

నేను కూర్చోలేదు.

ఫీజు కట్టే గడువు దాటిపోయి, నర్సింగ్ కాలేజీలో వచ్చిన సీటు పోయింది. పిల్ల ఇప్పుడు విజయవాడలో బట్టలషాపులో చేస్తోంది. జనం విప్పిపోసిన చీరలు సాయంత్రందాకా నిలబడి మడతలు పెడుతుంది. నన్ను ఒక్క మాట అనలేదు. దాని మౌనం కంటే మేస్త్రీ తిట్లు నయం.

కిందటేడు పాసైనవాళ్లని ఆ ట్రస్టు తీసుకుంటుందో లేదో తెలియదు. అయినా మొన్న సెలవు రోజున ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. "నీ పేజీ రాయి" అంది. రాశాను. నేనాడిన అబద్ధం కూడా రాశాను. చదివి, దిద్దకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది.

"వాళ్లొచ్చే రోజు నువ్వు ఇంట్లో ఉండకు అమ్మమ్మా. పనికి పో."

సరేనన్నాను.