మొదటి అచ్చు

మా బావ రబ్బరు ముక్క మీద నాలుగు గాట్లు పెడితే బతికున్నవాడు చచ్చిపోతాడు. ఇంకో రెండు గాట్లు పెడితే ఆ చచ్చినవాడే లేచి వచ్చి తన సంతాపసభకు తనే అధ్యక్షత వహిస్తాడు. ఈ మాట టీకొట్టు దగ్గర నేను చెప్పిందే. విన్నవాళ్ళందరికీ నచ్చింది. ఒకడికి మరీ ఎక్కువగా నచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

బావ అంటే మా అక్క మొగుడు. రబ్బరు స్టాంపులు చేస్తాడు. కోర్టు వెనక సందులో, జిరాక్స్ కొట్టుకూ కళ్ళజోళ్ళ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న కొట్టు ఆయనది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాలి. ఇరవై ఏడేళ్ళుగా అందులోనే కూర్చుని, అద్దంలో కనబడేటట్టు అక్షరాలను తిరగేసి చెక్కుతున్నాడు. పెళ్ళైన కొత్తలో అక్కకు ఉత్తరం కూడా అలాగే తిరగేసి రాశాడనీ, ఆవిడ దాన్ని అద్దం ముందు పట్టుకుని చదువుకుందనీ నేను చెబుతుంటాను. అక్క అవుననదు, కాదనదు. ఇక నా సంగతంటారా, తొమ్మిదో తరగతి మూడేళ్ళు చదివాను. చివరికి ఆ తరగతే విసిగిపోయి నన్ను వదిలేసింది. అప్పటినుంచి తయారైన స్టాంపులు ఆఫీసులకు చేరవేయడం, దారిలో దొరికినవాళ్ళకు కోతలు కోయడం నా ఉద్యోగం. రెండోదానికే పేరొచ్చింది.

బావకు ఒక పద్ధతి ఉంది. కొత్త స్టాంపు చేసినా, పాతది బాగుచేసినా, మొదటి అచ్చు తెల్లకాగితం మీద కొడతాడు. వెలుతురుకు పెట్టి చూసుకుని, ఎక్కడ పూడుకుందో, ఎక్కడ పలచబడిందో పట్టుకుని సరిచేస్తాడు. ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక నోటుబుక్కులో అంటించి, పక్కన తేదీ, చేయించుకున్నవాళ్ళ వివరం రాస్తాడు. రెండో అచ్చు నుంచి స్టాంపు వాళ్ళది, మొదటిది మాత్రం ఆయనది. మా అక్క ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ ఒకటే ఉంది. ఈ నోటుబుక్కులు పద్నాలుగున్నాయి.

ఊళ్ళో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఇంటి కాగితం నకలు కావలసి ఆయన మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే, గుమాస్తా ఫైలు తిరగేసి, మీరు పోయి నాలుగు నెలలైందండీ అన్నాడట. మరణ ధ్రువపత్రం ఉంది, దాని మీద గుండ్రటి ముద్ర ఉంది, ఇల్లు ఆయన అన్న కొడుకు పేరుకు మారిపోయి ఉంది. మాస్టారు గోలపెడితే పోలీసులు ఆ అన్న కొడుకును పట్టుకొచ్చి, ముద్ర ఎవడు చేసిచ్చాడని అడిగారు. అసలువాడి పేరు చెప్పడానికి వాడికి భయం. వాడు రోజూ టీ తాగేది మా టీకొట్టులోనే. గాట్ల కథ మహా నచ్చిందన్నానే, వాడే వీడు.

“కోర్టు వెనక సందులో స్టాంపులాయన” అన్నాడట. అంతే. నేను అల్లిన కథను వాడు వాంగ్మూలంలో అప్పజెప్పాడు.

పోలీసులు బావను పొద్దున పదింటికి స్టేషన్‌కు రమ్మన్నారు. అక్క ఇస్త్రీ చొక్కా తీసిచ్చి, గుండీలు తనే పెట్టింది. నన్ను చూసి ఒక్క ముక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “నోరు తెరవకు, పక్కన ఉండు చాలు” అంది. నోటుబుక్కులన్నీ గోనెసంచిలో వేసుకుని వెళ్ళాం. అందులో ఆ ముద్ర లేదు కాబట్టి తను చేయలేదని తేలిపోతుందని బావ ధీమా. మధ్యాహ్నం మూడు దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. బావ గోడమీది నోటీసులన్నీ చదివాడు. చదివింది విషయం కాదు, కింద ముద్రలు. ఒకటి చూసి, పాపం, అని నాలుక చప్పరించాడు.

మూడింటికి ఇన్‌స్పెక్టరు బావను లోపలికి పిలిచాడు. తలుపు తీసే ఉంది. నేను బల్ల చివరకు జరిగాను.

“కళ్ళకు గుడ్డ కట్టుకుని కూడా చెక్కుతావట కదా?”

“అవి మా బావమరిది కోతలు సార్.”

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి నా వైపు చూశాడు. అక్క చెప్పిన మాట మరిచిపోయి లేచి నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగకుండా నిజం చెప్పడం అదే మొదలు. అంతా నేను కల్పించిందే సార్ అన్నాను.

“అంటే అబద్ధాలు చెబుతావన్నమాట.”

“అవును సార్.”

“మరి ఇదొక్కటి నిజమని ఎందుకనుకోవాలి?”

నేను కూర్చున్నాను.

దొంగ ధ్రువపత్రం బావ ముందు పెట్టారు. ఆయన భూతద్దం తీసి, పిల్లాడి గొంతు చూసే డాక్టరులా చూశాడు. ఇది మిషన్ మీద చేసింది సార్, అంచు అంతా ఒకే తీరుగా ఉంది, చేత్తో కోస్తే ఇంత నున్నగా రాదు అన్నాడు. ఆ తేడా చెప్పగల మనిషి ఊళ్ళో ఎవరున్నారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. బావ కాసేపు నిజాయితీగా ఆలోచించాడు.

“నేనే సార్. ఇంకెవరూ లేరు.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మూల బల్ల దగ్గర వాంగ్మూలం రాసుకుంటున్న స్టేషన్ రైటరూ నవ్వాడు. ఎందుకో తెలియక బావ కూడా నవ్వాడు.

తర్వాత నోటుబుక్కులు విప్పారు. పదోదాంట్లో, ఎనిమిదేళ్ళనాటి పేజీలో, మున్సిపల్ ఆఫీసువాళ్ళే ఆర్డరు కాగితం ఇచ్చి చేయించుకున్న అసలు ముద్ర అంటించి ఉంది. అంటే నమూనా నీ దగ్గరే ఉందన్నమాట, అన్నాడు ఇన్‌స్పెక్టరు. చెడ్డవాడిలా అనలేదు, లెక్క సరిపోయినవాడిలా అన్నాడు. అయినా ఆయన మనసు ఇంకా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ముద్రల సంగతి ఇంత తెలిసినవాణ్ణి సాక్షిగా పెట్టుకోవాలా, ముద్దాయిగా పెట్టాలా అన్నది పైవాళ్ళతో మాట్లాడి చెబుతా, ఇప్పటికి సంతకం పెట్టి ఇంటికి పో అన్నాడు. ఆ ‘ఇంటికి పో’ విని నాకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దగ్గరకు వెళ్ళి చెప్పులు కూడా వేసుకున్నాను.

బావ సంతకం పెట్టాడు. దాని కింద రైటర్ స్టేషన్ ముద్ర కొట్టాడు. నల్లటి మచ్చ పడింది. పక్కన ఇంకోటి కొట్టాడు, ఇంకా పెద్ద మచ్చ. మూడోది కొట్టబోతుంటే బావ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

“ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం.”

రైటర్ ఇచ్చాడు. పాపం, ఆయన అడిగితే అందరూ ఇస్తారు, బావ చేతులు అలాంటివి. ఫైలుకు గుచ్చిన గుండుసూది తీసి, ఏళ్ళ తరబడి ఎండి గడ్డకట్టిన సిరాను అక్షరాల మధ్యనుంచి గీకాడు. రైటర్ పెన్సిలు చెక్కుకునే బ్లేడుతో అంచు సవరించాడు. ఆరు గంటలుగా కూర్చుని ఉన్న ముఖం మీద అప్పుడు కాస్త కళ వచ్చింది. బల్ల మీదున్న తెల్లకాగితం లాక్కుని దాని మీద ముద్ర కొట్టాడు. ఇంచుమించు అన్ని అక్షరాలూ విడిగా పడ్డాయి. రైటర్, అబ్బ, అన్నాడు.

బావ ఆ కాగితం వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. మడిచాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నేను గుమ్మంలోంచి చేత్తో సైగ చేశాను. ఆయన చూడలేదు. ఇన్‌స్పెక్టరు చూశాడు.

“జేబులో ఏంటది?”

“మొదటి అచ్చు సార్. మొదటిది మేమే ఉంచుకుంటాం.”

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపితే బావ కాగితం తీసి ఇచ్చాడు. దాని మీద రాత లేదు, సంతకం లేదు, ఏదైనా రాసుకోవడానికి వీలుగా ఖాళీగా ఉంది. కింద మాత్రం పోలీసు స్టేషన్ ముద్ర నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, దొంగ ధ్రువపత్రం పక్కన పెట్టాడు. రెండు కాగితాలూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

“నా ఎదురుగానే,” అన్నాడు నెమ్మదిగా, “నా స్టేషన్లోనే.”

బావ చెప్పడానికి చూశాడు. నోటుబుక్కులో అంటించడానికని, ఎప్పుడూ ఇంతేనని, కావాలంటే పద్నాలుగూ చూడమని. చూశాంగా, అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ సాయంత్రం బావ ఇంటికి రాలేదు. పదకొండు రోజుల తర్వాత జామీను మీద వచ్చాడు. నోటుబుక్కులు, కత్తులు, రబ్బరు పలకలు, భూతద్దం వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. డ్రాయింగు మాస్టారు మా ఇంటికి వచ్చి, నువ్వు కాదని నాకు తెలుసు నాయనా, కోర్టులో చెబుతాను అన్నారు. కోర్టుకు వెళ్ళి అడిగితే, ముందు మీరు బతికున్నట్టు కాగితం తెచ్చుకోండి అన్నారట. ఆ కాగితం ఇవ్వాల్సింది ఆయన పోయారని రాసుకున్న ఆఫీసే. ఇలాంటివి నేను అల్లితే ఎవరూ నమ్మరు.

వాయిదాలు పడుతున్నాయి. స్టాంపు కావలసినవాళ్ళు బస్టాండు దగ్గర మిషన్ పెట్టినవాడి దగ్గరకు పోతున్నారు. అక్క ఎవరో డాక్టరుగారి క్లినిక్‌లో చీటీలు రాసే పనికి కుదిరింది. వంట బావ చేస్తున్నాడు. ఉల్లిపాయ కూడా అచ్చు కొలతతో కోస్తాడని అక్క అంది. నవ్వించడానికే అంది, ఎవరం నవ్వలేదు. టీకొట్టుకు నేను పోవడం మానేశాను. అక్కడివాళ్ళే ఇప్పుడు బావ గురించి నాకంటే పెద్ద కోతలు కోస్తున్నారని విన్నాను. వాటికి మొదటి అచ్చు నాదే.

రోజూ పొద్దున తొమ్మిదింటికి బావ మామూలుగా తయారై సందులోకి వెళ్తాడు. నేనూ వెనకాలే వెళ్తాను. కొట్టు తలుపుకూ తాళానికీ కలిపి పోలీసులు అంటించిన కాగితం ఉంది. దాని మీద స్టేషన్ ముద్ర. నిన్న కాస్త హుషారు చేద్దామని మొదలుపెట్టాను. ఏంటి బావా, రబ్బరు ముక్కతో చంపుతావు, లేపుతావు, చివరికి నీ కొట్టుకు సీలు వేయడానికి కూడా ఈ ఊరికి నీ చెయ్యే కావాల్సొచ్చింది, ఇంత చక్కటి ముద్ర ఇంకెవడు తీయగలడు అన్నాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, తలుపు దగ్గరకు వంగి చూశాడు.

“నేనెవర్నీ చంపలేదు, ఎవర్నీ లేపలేదు. ఆ దొంగ ముద్ర నాది కాదు. ఇది నేను బాగుచేసిందే, కానీ బాగా రాలేదు. కింద కుడిపక్క అక్షరం ఇంకా పూడుకునే ఉంది. మొదటి అచ్చు ఇంకోసారి చూసుకుని సరిచేసేవాణ్ణి. వాళ్ళు తీసేసుకున్నారు.”