పుట్టకు పోసిన పాలు

మా వీధిలోకి సాయంత్రాలు బన్నులు అమ్మే ఒకాయన మోపెడ్ మీద వస్తాడు. బండికి ఎర్ర రబ్బరు బుడ్డి ఉన్న పాతకాలపు హారన్ కట్టుకున్నాడు. దాన్ని పిసికితే ముందు గాలి మూలుగుతుంది, ఆ తర్వాత ముక్కుతో ఏడ్చినట్టు 'పీం' అంటుంది. మొన్న వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆ మోత వినబడి, ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. లోపలి నుంచి మా అమ్మాయి వచ్చి "ఏమ్మా, ఏమయింది?" అని అడిగింది. పెళ్ళీడుకొచ్చిన పిల్లకు ఆ నవ్వు వెనకున్న కథ ఒక్క మాటలో ఎలా చెప్పను? అందులో తనూ ఉంది, నేనూ ఉన్నాను, అన్నిటికీ మించి మా రంగమ్మక్క ఉంది. అక్క పోయి మూడేళ్ళయింది. ఆవిడను చూడనివాళ్ళకు కూడా ఆవిడ తెలియాలని ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను విరుదునగరంలో ఒక పప్పుల, మిరపకాయల, నూనెల మండీలో శాంపిల్ గదిలో పనిచేసేదాన్ని. ఊరూరి నుంచి వచ్చే బస్తాల్లోంచి పిడికెడు తీసి, రకం చూసి, పొట్లం కట్టి, చీటీ అంటించి అరల్లో పెట్టడం మా పని. ఆ గదికి రంగమ్మక్క పెద్ద. కడంబూరు పక్కన నల్లరేగడి పల్లెలో పుట్టిన మనిషి, మా లాగే ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే అరవం మాట్లాడే కుటుంబం. యాభై దాటిన వయసు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, నడుముకు దోపిన తాళాల గుత్తి. కందిపప్పును పంటికింద వేసుకుని ఏ వైపు పొలానిదో చెప్పేది. ఆవిడ 'రెండో రకం' అందంటే ఎంత పెద్ద వ్యాపారి అయినా నోరు మూసుకోవాల్సిందే. నాకు ఆ పని నేర్పింది ఆవిడే. ఏడాది తిరిగేసరికి నేను 'రెండో రకం' అన్నా వ్యాపారులు ఒప్పుకోవడం మొదలుపెట్టారు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నా మాటకు అంత విలువ ఎప్పుడూ లేదు. జీతం కోసమే ఆ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడానని చెబితే అది అబద్ధం.

కాన్పయి మూడు నెలలు నిండగానే తిరిగి పనిలోకి వెళతానన్నాను. మా అత్త దుర్మార్గురాలు కాదు, భయస్తురాలు. కోవిల్‌పట్టిలో మా ఇంటిపక్కనే వేరుశనగ మిఠాయి చేసే కొట్టు ఉంది. నేను పనిలో చేరే ముందురోజు అత్త పిల్లను పెళ్ళినాటి పెద్ద ఇత్తడి తాంబాళంలో పడుకోబెట్టి, ఆ కొట్టు త్రాసు మీద తూకం వేయించింది. మిఠాయి కొట్టాయన బొగ్గుతో గోడమీద గుర్తు గీశాడు. అత్త నా వైపు తిరిగి, "పోతాండావు, శరి. నెల చూస్తాము. బిడ్డ తూకం దిగితే పని ఒద్దు, ఇంట్లో ఉండాల" అంది. నా భర్త గోడను పరీక్షగా చూశాడు. ఆవుపాలు పడితే పిల్లకు వెంటనే వాంతి అయ్యేది. అందుచేత నెల రోజులూ మండీలో పాలు తీసి, చెంబులో పెట్టుకుని, సాయంత్రం బస్సులో ఇంటికి చేర్చాలి. మర్నాడు నేను లేని వేళల్లో అత్త వాటిని ఉగ్గుగిన్నెతో పట్టాలి. పాలు తీయడానికి మందుల షాపులో ఒక గాజు గొట్టం కొన్నాను. దాని వెనక ఎర్ర రబ్బరు బుడ్డి, అచ్చం మా బన్నులాయన హారన్‌కు ఉన్నదే. మోత కూడా అదే.

మొదటిరోజు మధ్యాహ్నం బస్తాల వరస వెనక్కి దూరి, గోడవైపు తిరిగి కూర్చుని బుడ్డి పిసికాను. 'పీం' అంది. ఊపిరి బిగబట్టి మళ్ళీ పిసికాను. ఇంకాస్త గట్టిగా 'పీం' అంది. అవతల రంగమ్మక్క గొంతు వినిపించింది, "ఎలక! పప్పులోకి ఎలక దూరినాది!" నేను నోరు తెరిచేలోపే చీపురు కట్ట బస్తాల మీదుగా వచ్చి నా నెత్తిన పడింది. దాని వెంబడే తలుపుకర్ర పట్టుకుని ఆవిడ. నన్ను చూసింది, గాజు గొట్టం చూసింది, కర్ర దించింది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. ఆవిడ మాత్రం నా చేతుల వైపే చూస్తూ అడిగింది.

"పొద్దున నుండి ఏం శాంపిలు చూసినావే?"

"మిరపకాయలక్కా."

"చెయ్యి కడిగినావా?"

"కడిగినానక్కా, నీళ్ళతో."

"నీళ్ళతోనా!" అని ఆవిడ నుదురు కొట్టుకుంది. అప్పటికే నాకు సంగతి తెలిసి వస్తోంది. సాత్తూరు మిరప ఘాటు నీళ్ళకు పోదు. ముందు చురుక్కుమంది, ఆ తర్వాత మంట అందుకుంది. పమిట కప్పుకోలేను, తీయలేను, కూర్చోలేను, ఏడవలేను. నా అవస్థకు ఆ గది చాలలేదు. శాంపిల్ సీసా సీలు తీసినవాళ్ళ చెయ్యి విరుస్తానని అందరినీ బెదిరించే మనిషి, అరలోంచి కొత్త నువ్వులనూనె సీసా తీసి, తనే లక్క పగలగొట్టి నా చేతిలో పెట్టింది. నూనె రాసి, శనగపిండితో తుడిచి, మళ్ళీ నూనె రాసి, అరగంటకు మనిషినయ్యాను. ఆ రోజు పాలు పిల్లకు పనికిరావు. వాటిని మోరీలో పారబోయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. చనుబాలు తొక్కేచోట పోయకూడదు, చీమలు ముట్టకూడదు, ముడితే తల్లికి పాలు ఇంకిపోతాయని మా వైపు గట్టి నమ్మకం. పెరట్లో మునగచెట్టు మొదట్లో గుంట తీసి పోసి, పైన మన్ను కప్పింది. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం దాకా నాకు పప్పులు, ఆ తర్వాతే మిరపకాయలు.

ఇక పాలను కాపాడటం మిగిలింది. మండీలో ఫ్రిజ్ లేదు. రంగమ్మక్క ఒక మట్టికుండలో తడి ఇసుక నింపి, నా చెంబును మెడదాకా అందులో పాతింది. సాయంత్రం బయలుదేరేటప్పుడు ఎదుటి సోడా షాపు నుంచి ఐసు తెచ్చి, చెంబుతో సహా పెద్ద ఫ్లాస్కులో సర్దుకునేదాన్ని. అయితే మండీలో పాతికమంది మగవాళ్ళు. చెంబు కనబడితే మజ్జిగేమోనని ఎవరైనా ఎత్తి తాగేయవచ్చు. అవేం పాలో చెప్పాలంటే నాకు ప్రాణం పోయినంత పని. కాబట్టి ఒక హమాలీ అడిగిన రోజున, నోటికి వచ్చింది అనేశాను, "పుట్టకు మొక్కుకున్న పాలు, ఎవరూ ముట్టకండి" అని. రంగమ్మక్క నన్ను కిందా మీదా చూసి, "వేరే ఏమీ దొరకలేదా నీకు?" అంది.

నా అబద్ధం అంత బాగా పనిచేస్తుందని నేనే అనుకోలేదు. ముట్టడం సంగతి అలా ఉంచండి, మర్నాటికి కుండకు పసుపు బొట్లు పడ్డాయి. వారానికి మల్లెపూల మూర. హమాలీలు బస్తా ఎత్తే ముందు కుండ వైపు తిరిగి కళ్ళకద్దుకునేవాళ్ళు. మండీ యజమానిని అందరం మొదలాళి అనేవాళ్ళం. ఆయన కూడా ఒకరోజు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, చెంబుకు దణ్ణం పెట్టి, "రోజూ పోస్తున్నావా అమ్మా? ఎంత భక్తి!" అన్నాడు. నేను తల వంచుకుని పొట్లాలు కట్టుకున్నాను. రంగమ్మక్క నవ్వు ఆపుకోలేక కందిపప్పు నోట్లో పోసుకుని నమలసాగింది.

నెల నిండటానికి రెండు రోజులున్నాయి. అది అరవవాళ్ళ ఆడి నెలలో శుక్రవారం, పుట్టకు పాలు పోయడానికి మా వైపు అంతకంటే మంచిరోజు లేదు. ఆదివారం పొద్దున పిల్లకు తూకం. శుక్రవారం మధ్యాహ్నం నన్ను గోడౌనుకు పంపారు, తిరిగి వచ్చేసరికి పొద్దువాలింది. కుండ ఉంది, ఇసుక ఉంది, చెంబు లేదు. మండీ వెనక నుంచి గుమాస్తా చిదంబరం గారు నుదుట విభూతి, చేతిలో ఖాళీ చెంబుతో వస్తున్నారు. "నువ్వు రావడం ఆలస్యమయిందమ్మా. మంచి గడియ దాటిపోతుందని నీ బదులు నేనే పుట్టకు పోసి వచ్చాను. ఒక్క చుక్క మిగల్చలేదు" అన్నారు అరవంలో. పాపం ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను అక్కడే బస్తా మీద కూలబడి బోరున ఏడ్చాను. మర్నాటికి పిల్లకు పాలు లేవు. పైగా పుట్ట అంటేనే చీమల కాపురం.

మొక్కు తీరితే ఇంత ఏడుపేమిటని మండీ అంతా చుట్టూ మూగింది. అప్పుడు రంగమ్మక్క గదిలోంచి బయటికి వచ్చి, అందరికీ వినబడేలా అరవంలో చెప్పింది, "అవి మొక్కు పాలు కావు. ఈ పిల్ల తన బిడ్డకోసం తీసిపెట్టుకున్న చనుబాలు." చిదంబరం గారు రెండు చేతులతో చెంపలు వాయించుకున్నారు. "నాగమ్మ తల్లికి ఎంగిలి పోశానా! ఇప్పుడు నా గతి ఏమిటి?" అన్నారు. రంగమ్మక్క ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, "తల్లికి తల్లిపాలే కదా పోశారు! చల్లగా చూస్తుంది, పొండి" అంది. ముందు ఒక హమాలీ నవ్వాడు, ఆ తర్వాత మండీ మొత్తం నవ్వింది. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. సంగతి విని మా అత్త తల పట్టుకుంది. "చీమలు తాగినాయంటే ఇంగ అంతేదా" అంది. ఆ రాత్రీ మర్నాడూ భయానికి నిజంగానే నాకు పాలు సరిగా పడలేదు. శనివారం పనికి కూడా పోలేదు. ఆదివారం పొద్దున మిఠాయి పొయ్యిలు వెలిగించకముందే పిల్లను త్రాసు మీద పెట్టారు. కొట్టాయన గోడ మీది గుర్తును చూసి గొణిగాడు, "దిగిందమ్మా. పావుకిలోకు పైనే." అత్త నన్ను తిట్టలేదు. పిల్ల కాలు నిమురుతూ, "నేను చెప్పలేదా" అని మాత్రం మెల్లగా అంది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

సరిగ్గా అప్పుడే వీధి చివర రంగమ్మక్క కనబడింది. మొదటి బస్సుకు వచ్చిందట. నాకేసి చూడనైనా చూడకుండా నేరుగా త్రాసు దగ్గరికి నడిచింది. పిల్ల పడుకున్న వెదురు బుట్టను వేలితో తట్టి చూసింది.

"పోయిన తూరి బిడ్డను దేంట్లో పెట్టినారు?"

"తాంబాళంలో" అంది మా అత్త. "అది మా ఆడబిడ్డ ఇంటికి సారె వరస పెట్టను పోయినాది. అందుకుదా బుట్ట."

"తాంబాళం ఎంత తూగుతాది? బుట్ట ఎంత తూగుతాది?"

కొట్టాయన బొగ్గు ముక్కతో తల గోక్కున్నాడు. "మిరపకాయలు తూచినా గోతాం తూకం తీస్తాము గదమ్మా! బిడ్డకు తీయొద్దా?" అంది ఆవిడ. నెలంతా బస్తాల మధ్య బతికిన నాకు ఆ ముక్క తట్టలేదు చూడండి, అదీ నా తెలివి. మూడిళ్ళ అవతలి నుంచి పసుపు, తమలపాకులు దులిపి తాంబాళం తెచ్చారు. రంగమ్మక్క దాన్ని తూచింది, బుట్టను విడిగా తూచింది, గుడ్డలు కూడా విడిగా తూచింది. ఆ పైన పిల్లను తనే ఎత్తి తాంబాళంలో పడుకోబెట్టింది. ముల్లు ఆగింది. కొట్టాయన బొగ్గు తీసుకుని పాత గుర్తుకు జానెడు పైన గీత గీశాడు. "అరకిలోకు పైన ఎక్కినాది" అంది రంగమ్మక్క, బియ్యం బస్తా గురించి చెప్పినంత మామూలుగా. మా అత్త పిల్లను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నిలబడుకోనుండావు ఏమిటికి? అక్కకు కాఫీ పెట్టు" అంది. ఆ మధ్యాహ్నానికి నాకు పాలు మామూలుగా పడ్డాయి.

బస్టాండు దాకా అక్కను సాగనంపడానికి వెళ్ళాను. నడుస్తూ నడుస్తూ ఆవిడ తన సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో అగ్గిపెట్టెల యూనిట్‌లో పుల్లలు పేర్చే పని చేసేదట. "బిడ్డను ఇంట్లో ఇడిసి పోతాంటిని. రొమ్ము గట్టిపడితే యూనిట్ వెనక పోయి గోడకు పిండి వస్తాంటిని. దినానికి రెండు తూర్లు. ఇంట్లో బిడ్డ చక్కెర నీళ్ళు తాగతాండాది, ఇక్కడ గోడ నా పాలు తాగతాండాది. ఎవురూ అడగలేదు. శరి, వాళ్ళకు తెలీదు. నేను చెప్పితే గదా? సిగ్గు. ఆ సిగ్గుతో ఏం వచ్చినాది నాకు?" ఆవిడ కూతురు ఇప్పుడు సాత్తూరులో ముగ్గురు పిల్లల తల్లి. తల్లిని ఏనాడూ ఒక్క మాట అనలేదట. "అనుంటే బాగుండు" అంది అక్క. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎక్కువసేపు పట్టుకోనివ్వలేదు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగి, "మొన్న నీకోసం నేను చెప్పినా. ఇంగ నువ్వుదా చెప్పాల. రేపు మొదలాళి ముందర పోయి అడుగు. పుట్ట, మొక్కు అంటే నేనే చీపురెత్తుతా" అంది.

మర్నాడు పొద్దున మొదలాళి ముందు నిలబడ్డాను. రంగమ్మక్క గది గుమ్మంలో నిలబడి చూస్తోంది, రాలేదు. "నా బిడ్డకు నేను పాలు తీసుకోవాలి. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాలు. ఆ గది తలుపుకు లోపలి నుంచి గడియ కావాలి" అన్నాను. మూడే మూడు వాక్యాలు. వాటికోసం నెల రోజులు దేవుళ్ళను అడ్డం పెట్టుకున్నాను. ఆయన బల్లమీది కాగితాల వైపు చూస్తూ, "ఇంతేనా? మొదటిరోజే అడగలేకపోయావా అమ్మా" అన్నాడు. మధ్యాహ్నం లోపల వడ్రంగి వచ్చాడు.

తర్వాత జీవితంలో అడగవలసినవి చాలా వచ్చాయి. రెండో కాన్పు అప్పుడు డాక్టరును, పిల్ల చదువు విషయంలో హెడ్మాస్టరును, నాకు ఆపరేషన్ అయినప్పుడు నా భర్తను అడిగాను. ప్రతిసారీ చుట్టూ తిప్పి చెప్పడానికి ఒక అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉండేది. దాన్ని మింగి, అసలు విషయం పేరు ముందు పలకడం అలవాటు చేసుకున్నాను. ఇన్నేళ్ళయినా మొదటి మాట దగ్గర నా గొంతు వణుకుతుంది. వణికితే వణకనీ, ఆ మొదటి మాటే నిజం చెబుతున్నాను.