ఏడో నంబరు మల్లన్న

గుజరాతీ నగరం ఒకదాని అంచున, మరమగ్గాల పేట డిండోలిలో ఒక వీధివాళ్లు ఇప్పటికీ నన్ను శివసత్తి అనుకుంటున్నారు. జాతరలో జుట్టు విరబోసుకుని, ఒంటిమీదికి దేవుణ్ణి రప్పించుకుని, ఈ ఏడు వానలు ఎలా పడతాయో చెప్పే ఆడమనిషిని తెలంగాణలో శివసత్తి అంటారు. నేను ప్రభుత్వ బ్యాంకులో ఉద్యోగిని. జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నాను, విరబోసుకోవడానికి ఏమీ లేదు. దేవుడు లేడని పదిహేనేళ్ల వయసు నుంచి వేదికలెక్కి వాదిస్తున్నాను. ఆ విద్య మా నాన్న దగ్గరా, ఆయన స్నేహితుల దగ్గరా నేర్చుకున్నాను. వాళ్ల సభల్లో మూడు నియమాలుండేవి: అవతలివాళ్ల మాట పూర్తిగా విను, ఆధారం అడుగు, గొంతు పెంచకు. మొదటి రెండూ నాకు వచ్చాయి. మూడోది ఇప్పటికీ రాలేదు.

ఇలాంటి నేను శివసత్తినెలా అయ్యానో చెప్పాలంటే ముందు ఒక సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాలి.

అది బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. గీతల్ని చుక్కలుగా కాకుండా లెక్కలుగా దాచుకుంటుంది. అందుకే బొమ్మను గోడంత చేసినా అంచులు చెదరవు. పైగా ఉచితం. నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: దాని లోపల ఏం జరుగుతోందో ఎవరైనా విప్పి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఇది ఎవరో పై నుంచి ఇచ్చింది, నోరు మూసుకుని వాడుకో అనే మాట అందులో లేదు. తాయెత్తులకూ బాబాలకూ వ్యతిరేకంగా నేను వేసే గోడపత్రికలన్నీ దానితోనే చేస్తాను. అందులో నాకు మరీ ఇష్టమైనవి ఫిల్టర్లు. అక్షరం వెనక నీడ కావాలన్నా, అంచున కాంతి కావాలన్నా ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఏ పని తర్వాత ఏ పనో వరుసగా ఉంటాయి. మసకబార్చు, పక్కకు జరుపు, రంగు పుయ్యి, కలుపు. ఒకదాని ఫలితం ఇంకొకదానికి ఎలా అందుతుందో గీతలు గీసి చూపిస్తుంది. కారణం లేనిదే కార్యం లేదని మా నాన్న బల్ల గుద్ది చెప్పిన మాట తెర మీద గీతలతో సహా కనిపిస్తే నాకు కళ్లు చెమర్చాయి. బాబాల ఫోటోల్లో తల వెనక వెలిగే చక్రం నాలుగు నొక్కుల పని అని చూపించడం నాకు అలవాటైన వినోదం.

నగరానికి ఈ చివర అడాజన్‌లో మా ఫ్లాట్ నుంచి ప్రతి ఆదివారం డిండోలికి బస్సులో వెళ్తాను. మగ్గాల మీద పనిచేసేవాళ్ల కోసం మేం కొందరం అక్కడ ఒక చదువుల గది నడుపుతున్నాం. మా గోడపత్రికకు అక్షరాలు రాసే మనిషి అక్కడే పరిచయమయ్యాడు. సిరిసిల్ల వైపు పల్లె ఆయనది. ఇరవై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాడు. ఆ చప్పుడుకు చెవులు పోతున్నాయి. ఇంకా అదే షెడ్డులో ఉంటే మిగిలిన వినికిడి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. మగ్గాల వాళ్లు ఎలాగూ గట్టిగా మాట్లాడతారు, ఈయన మాట వాళ్లకే గట్టిగా అనిపిస్తుంది. ఆయన గుసగుసలాడితే వీధి చివరి పాన్ డబ్బా వరకూ వినిపిస్తుంది.

బొమ్మలు గీయడంలో మాత్రం మంచి చెయ్యి. నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చి ఆ సాఫ్ట్‌వేర్ నేర్పాను. కొన్ని నెలల్లోనే నన్ను దాటిపోయాడు. ఊరి బయట కడోదరాలో చీరల మీద కంప్యూటరుతో అచ్చువేసే ఒక కార్ఖానాలో డిజైన్ గదిలో ఖాళీ ఉందని తెలిసింది. సోమవారం పదకొండింటికి ఒక చీర డిజైన్ చేసి తెమ్మన్నారు. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే మళ్లీ మగ్గం, ఆ చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం.

ఆదివారం మధ్యాహ్నం ఆయన గదిలో కూర్చున్నాం. గది ఒకటే. ఒక మూల ఆయన భార్య ఒళ్లో చీర పరుచుకుని మెరుపురాళ్లు అంటిస్తోంది. ఇంటికి తెచ్చుకునే పని అది. మా డిజైన్‌లో చీర ఒంటిమీది మామిడి పిందెలు అయిపోయాయి. కొంగు ఖాళీగా ఉంది.

"కొంగుకు టర్బులెన్స్ వేద్దాం తమ్ముడూ," అన్నాను.

తెలుగులో చెప్పాలంటే అలజడి. ఆ ఫిల్టరు వేస్తే మబ్బుల్లాగా, పాలరాతి చారల్లాగా ఒక గజిబిజి పుడుతుంది. అది ఎలా పుట్టాలో ఒక అంకె నిర్ణయిస్తుంది. ఆ అంకెకు సీడ్ అని పేరు. అంకె మారిస్తే గజిబిజి మారిపోతుంది. పాత అంకె మళ్లీ ఇస్తే పాతదే, ఒక్క గీత తేడా లేకుండా తిరిగి వస్తుంది. ఆయన ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాడు. ఏడు దగ్గర ఆగిపోయాడు.

"మేడం," అన్నాడు గుసగుసగా. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. "మల్లన్న అచ్చిండు."

నేను తలుపు వైపు చూశాను.

"గటు గాదు మేడం. గీడ. కొంగుల."

నాకు బూడిదరంగూ బంగారురంగూ కలిసిన గజిబిజి తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన వేలితో చూపించాడు. "గిది కోరమీసం. గిటు ఇంకో మీసం. గివి కండ్లు. నెత్తి మీద పాగ."

మనిషి కన్ను ఎక్కడైనా ముఖాన్నే వెతుక్కుంటుందనీ, గోడ మీది చెమ్మ మరకలో కూడా ముఖం కనిపిస్తుందనీ చెప్పాను.

"నిజమే మేడం. మా గోడ మీద గూడ ఒగాయన ఉన్నడు. కని ఆయినెకు మీసాల్లెవ్వు."

ఇంతలో గుమ్మం నిండిపోయింది. వచ్చినవాళ్లంతా ఆయన జిల్లావాళ్లే, మల్లన్న అందరికీ ఇంటిదేవుడు. కింది గదిలో ఉండే ఒక తాత ముందుకొచ్చి, తెరకు ముక్కు ఆనించేటంత దగ్గరగా చూసి, "ఆయినెనే" అన్నాడు. నడుముకున్న సంచిలోంచి బండారు, అంటే మల్లన్న పసుపు, తీసి తెరకు బొట్టు పెట్టాడు. మిగిలింది గుప్పెడు తీసి చల్లాడు. అది మీటల మధ్యలోకి చక్కగా దిగింది.

"తాతా, అది యంత్రం!"

"మేం రోజు మగ్గానికి గూడ మొక్కుతం బిడ్డా."

అసలు ఇబ్బంది ఆ తర్వాత తెలిసింది. మావాడు డిజైన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"గిది కంపెనికి ఇయ్యను మేడం. మల్లన్నను నడుముకు సుట్టుకుంటరా? బండకేసి ఉతుకుతరు. పోరగాండ్ల ముక్కు గూడ కొంగుతోనే తుడుస్తరు."

"అయితే అంకె మార్చు. ఎనిమిది వెయ్యి."

"నా చేతుల్తోని దేవుని చెరిపెయ్యాల్నా?"

ఇవ్వడు, మార్చడు. పదకొండింటికి కడోదరాలో ఉండాలి. నాలో ఉన్న ఉపన్యాసకురాలు లేచి నిలబడింది.

"మగ్గం ఆగిపోతే మీరు దేవుణ్ణి అడుగుతారా, తెగిన పోగు వెతుకుతారా?" అని అడిగాను.

"పోగు ఎతుకుతం," అన్నారు నలుగురైదుగురు.

"మరి ఇక్కడెందుకు వెతకరు?"

తాత మళ్లీ వంగి తెరంతా వెతికాడు. "ఈడ పోగు తెగలే గదా బిడ్డా," అన్నాడు.

అందరూ తలలూపారు. నలభై ఏళ్లలో నా వాదాన్ని ఇంత తక్కువ మాటల్లో ఎవరూ పడగొట్టలేదు. ఇక ప్రత్యక్ష ప్రమాణమే దిక్కు అనుకున్నాను. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, అందరూ చూడండి, ఇందులో దేవుడు లేడు, అంకె ఉంది, ఎనిమిది వేస్తే ఈ ముఖం పోతుంది అని ప్రకటించి, ఎనిమిది నొక్కాను.

పడలేదు. మళ్లీ నొక్కాను. మీట కింద పసుపు కరకరలాడింది తప్ప తెర మీద ఏడు ఏడుగానే ఉంది.

"పోడు," అంది గుమ్మంలో ఒకామె, తృప్తిగా. "మల్లన్న గట్ల పోడు."

"పసుపమ్మా! పసుపు ఇరుక్కుంది!"

"బండారు మహిమ," అన్నాడు తాత.

అంకె పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. మౌస్‌తో దాన్ని నొక్కాను. ఏడు ఎనిమిదయింది. మీసాలు కరిగిపోయాయి, పాగ పొగయింది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. ఎవరో ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది.

"భయపడకండి. చూడండి, మళ్లీ తెస్తాను," అని కింది బాణం నొక్కాను. మల్లన్న మీసాలతో సహా తిరిగొచ్చాడు. విజయగర్వంతో మళ్లీ పంపాను, మళ్లీ తెచ్చాను. మూడుసార్లు. గొంతు బాగా పెంచి, "ఇప్పుడు చెప్పండి, ఎవరు తెస్తున్నారు ఈయన్ని?" అని అడిగాను.

"నువ్వే బిడ్డా," అన్నాడు తాత. ఆయన చేతులు జోడించి ఉన్నాయి. "పిలిస్తె అస్తున్నడు, పొమ్మంటె పోతున్నడు. మా ఊళ్లె శివసత్తి పిలిస్తె గూడ గింత జల్ది రాడు."

వెనకనుంచి ఒకామె, "మేడం, మా ఆయినె తాగుడు ఎప్పుడు ఇడుస్తడో జర అడుగుండ్రి," అంది.

నేను అరిచాను. ఏమరిచానో గుర్తు లేదు. చేతులు విసిరాను, తల అటూ ఇటూ ఊపాను, ముఖం ఎర్రబడింది. అది చూసి మిగిలిన అనుమానం కూడా తీరిపోయినట్టు ఇద్దరు నా పాదాల వైపు వంగారు.

అప్పుడు మూలనుంచి ఆయన భార్య మాట్లాడింది. చేతిలో రాయి అంటిస్తూనే ఉంది, తల ఎత్తలేదు.

"మీ కొట్లాట అయిందా? నేను ఫోన్ల ఫోటో మా అక్కకు పంపితె నా ఫోన్లది పోతదా? పోదు గదా. గది గూడ గట్లనే రెండు జేసుకోరాదుండ్రి. ఏడోది ఇంట్ల ఉంచుకోండ్రి. ఎన్మిదోది కంపెనికి తీస్కపోండ్రి."

ఆయన నా వైపు చూశాడు. కాపీ చేసి ఇంకో పేరుతో దాచుకోవడం నేను ఆయనకు మొదటి రోజు నేర్పిన పాఠం. గంటన్నర వాదనలో అది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఇప్పుడు చెప్పగలను. ఆయనకు కావలసింది ఉద్యోగం. నాకు కావలసింది మల్లన్న ఆయన చేతులతోనే చెరిగిపోవడం. ఆ మధ్యాహ్నం ఆయన చెవుల సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను, ఆమె మరవలేదు.

సోమవారం సెలవు పెట్టి ఆయనతో కడోదరా వెళ్లాను. డిజైన్ గదిలో పెద్ద మాస్టర్ గుజరాతీ ఆయన, నిదానస్తుడు. మావాడు కాక ఇంకో ఇద్దరు వచ్చారు. మాస్టర్ ముగ్గురి కొంగులూ పెద్దవి చేసి చూశాడు. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు: ఆరు నెలల తర్వాత వ్యాపారి వచ్చి ఇదే కొంగు, ఇదే చార, పచ్చరంగులో కావాలంటే ఏం చేస్తావు? ఒకాయన చేత్తో పూసిన చారలు కాబట్టి అచ్చం అలాగే మళ్లీ రావన్నాడు. ఇంకొకాయన ఇంటర్నెట్‌లో వెతుకుతానన్నాడు.

మావాడు చెయ్యి చెవికి ఆనించుకుని ప్రశ్న రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత గది అద్దాలు అదిరేలా జవాబిచ్చాడు. "నంబర్ ఆఠ్ హై సాబ్! ఆఠ్ డాలో, వహీ ఆయేగా. కల్ భీ వహీ, దస్ సాల్ బాద్ భీ వహీ. కిసీకా భీ కంప్యూటర్ హో!"

ఎనిమిది వేస్తే అదే వస్తుంది, రేపైనా, పదేళ్ల తర్వాతైనా, ఎవరి కంప్యూటరైనా. డిండోలిలో గొంతు చించుకుని నేను చెప్పినదంతా అదే. ఆయన విన్నాడు! మాస్టర్ తల ఊపి, ఎప్పటినుంచి వస్తావని అడిగాడు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"సాబ్," అన్నాడు మావాడు గుసగుసగా, కింది అంతస్తు కూడా వినేలా. "సాత్ మత్ డాల్నా. సాత్ మే హమారా భగవాన్ హై."

ఏడు వెయ్యొద్దు, ఏడులో మా దేవుడున్నాడు అంటే మాస్టర్ నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక కాగితం ముక్క తీసి, ఏడు వాడవద్దు అని గుజరాతీలో రాసి కంప్యూటరుకు అంటించాడు. ఇప్పుడు ఆ గదిలో ఎవరూ ఏడు వాడరు. కొత్తగా చేరినవాళ్లకు ఎందుకో కూడా తెలియదు, కానీ వాడరు. మూఢనమ్మకాల పుట్టుక గురించి నేను రాసిన వ్యాసాల్లో ఎన్నో ఊహలు చేశాను. అది పుట్టేటప్పుడు పక్క కుర్చీలో కూర్చుంటానని మాత్రం ఊహించలేదు.

ఇది జరిగి ఆరు నెలలు దాటింది. ఏడోది అచ్చువేయించి, చట్రం కట్టించి, ఆయన ఇంట్లో గోడకు పెట్టుకున్నాడు. కింద ఏడు అని అంకె కూడా రాశాడు, నా మీద గౌరవంతో. దాన్ని చూసిన ప్రతిసారీ నాకిప్పుడు మీసాలు కనిపిస్తున్నాయి. నమ్మను. కనిపిస్తున్నాయి, అంతే.

పోయిన వినికిడి తిరిగి రాలేదు. మిగిలింది మాత్రం తగ్గలేదని డాక్టరు అన్నాడట. డిజైన్ గదిలో మగ్గాల చప్పుడు లేదు, అరవాల్సిన పనీ లేదు. మొన్న ఆదివారం చదువుల గదిలో గోడపత్రిక అంటిస్తుంటే మావాడు నా పక్కకొచ్చి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు.

"ఏమిటి తమ్ముడూ?"

అటూ ఇటూ చూసి, చెవి దగ్గరకు వంగి మళ్లీ అన్నాడు. "పదకొండో నంబర్ల గూడ ఎవలో కనవడ్తున్నరు మేడం. ఎవలకు జెప్పకుండ్రి."

బయటకు చూశాను. వీధిలో ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.