జంట బస్కీలు

పోయిన నెలలో మా ఆవిడను గుడివాడలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడకు కొంతకాలంగా మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవాలి, దిగేటప్పుడు నన్ను పట్టుకోవాలి. ఆవిడను చూడడం అయ్యాక డాక్టరు గారు, ఎలాగూ వచ్చారు కదా అని నన్ను కూడా బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు మడిచి, చాపి, డెబ్బై దాటిన మనిషికి మోకాళ్ళు ఇంత బాగా ఎలా ఉన్నాయండీ, చిన్నప్పుడు ఏమైనా ఆటలాడేవారా అని అడిగాడు. ఆటలేమీ లేవు బాబూ, వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్ళు దండీలు, బస్కీలు తీశాను అన్నాను. ఏ వ్యాయామశాలలో అని ఆయన అడిగితే, నాకంటే ముందు మా ఆవిడే బందరులో అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. అది బందరే. కాకపోతే వ్యాయామశాల కాదు, జైలు. నేను అక్కడ రిమాండు ఖైదీగా ఒక వర్షాకాలమూ, దాని వెనకాల వచ్చిన చలికాలమూ గడిపాను. నా పిల్లలకు ఈ సంగతి తెలుసు గాని, వాళ్ళ పిల్లలకు తెలియదు. నా ఈడు వాళ్ళకు చెప్పుకోవడానికి మాత్రం నాకు మొహమాటం లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో దివిసీమలో కాలవ నీళ్ళ కోసం కర్ర పట్టని ఇల్లు ఏదో చెప్పమంటే మీరూ కాసేపు ఆలోచించవలసి వస్తుంది.

మాది అవనిగడ్డకు దిగువన, పంటకాలవ చిట్టచివర ఉన్న ఊరు. మాకు నీళ్ళు రావాలంటే ముందు ఎగువ ఊరి పొలాలన్నీ తడవాలి. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. నారుమళ్ళు ఎండిపోతున్నాయని మావాళ్ళు గోల పెడుతుంటే, ఎగువ ఊరివాళ్ళు కాలవకు అడ్డంగా మట్టికట్ట వేశారు. ఒక పొద్దున మావాళ్ళు ఆ కట్ట తెంచడానికి వెళ్ళారు, వాళ్ళు అడ్డం వచ్చారు. తలలు పగిలాయి. మా తమ్ముడి కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. వాళ్ళలో ఒక ముసలాయన బతుకుతాడో బతకడో అన్నట్టు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. పోలీసులు రెండు ఊళ్ళవాళ్ళ మీదా కేసులు పెట్టి, రెండు పక్షాల నుంచీ మనుషుల్ని పట్టుకుపోయారు. నేను, మా అక్క మొగుడు, అంటే మా బావ, ఇంకా మా ఊరివాళ్ళు కొందరు వెళ్ళాం. నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. శిక్ష పడితే ఆ ఉద్యోగం ఇక కల్ల.

జైలులో చిత్రమేమిటంటే, బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళను తెచ్చి ఒకే బ్యారక్‌లో పడేశారు. తలుపు వైపు మేము, ఆ చివర గోడవైపు ఎగువ ఊరివాళ్ళు, మధ్యలో బందరు టౌనువాళ్ళు, మాకూ వాళ్ళకూ సరిహద్దు రాయిలాగా. ఆ మధ్యవాళ్ళలో ఒక సాయిబు గారు ఉండేవారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఎద్దు మూపురంలాంటి భుజాలు. వయసులో కుస్తీలు పట్టి, తాలింఖానాలో, అంటే కసరత్తు శాలలో, కుర్రాళ్ళకు నేర్పి, బతుకుతెరువుకు మాత్రం చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని చేసేవారట. అంత లావు వేళ్ళతో అంత సన్నని గొలుసులు ఎలా అతికేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అన్నదమ్ములతో ఇంటి గోడ తగాదా ముదిరి అక్కడికి వచ్చారు. బందరు కుర్రాళ్ళు మావయ్యా అని పిలిచేవారు, అందరికీ అదే పిలుపు అయింది.

మొదటి ములాఖత్‌కు మా అమ్మా, మా ఆవిడా వచ్చారు. ఇనప జాలీ అవతల మా అమ్మ ఏడుస్తూనే ఉంది. మా ఆవిడ ఏడవలేదు, నా చొక్కా గుండీ ఊడిపోయిన చోటు వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు తట్టుకోలేకపోయాను. లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నవాణ్ణి మరి లేవలేదు. అన్నం సయించేది కాదు. మా బావ బుజ్జగించాడు, తిట్టాడు, ఆఖరికి ఏం చెయ్యాలో తోచక ఆ సాయిబు గారితో చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి నా భుజం తట్టారు.

"లే అబ్బాయ్. నాకు జోడీ కావాలి. ఒక్కణ్ణే బస్కీలు తీస్తుంటే వెనక్కి పడిపోతున్నాను."

నాకు ఓపిక లేదండీ అన్నాను.

"నీ ఓపిక ఎవడడిగాడు, నా చేతులు పట్టుకుని నిలబడితే చాలు. ముసలాణ్ణి, పడితే లేవలేను."

పెద్దాయన పడిపోతానంటుంటే ఎలా కాదనడం. లేచి వెళ్ళాను. ఎదురెదురుగా నిలబడి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఆయన కిందికి కూర్చుంటే నేను నిలబడాలి, ఆయన లేస్తే నేను కూర్చోవాలి. తూకం కుదరకపోతే ఇద్దరమూ పడతాం. నిలబడితే చాలని పిలిచిన మనిషి, కాసేపటికి నాచేత చెమటలు కక్కించారు. ఆ పూట జావ రెండోసారి అడిగి తాగాను. ఆయన ఎవరూ పట్టుకోకుండా నెత్తిన మనిషిని పెట్టుకుని కూడా బస్కీలు తీయగలరని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

తరవాత మా బావ వచ్చాడు. బావకు అప్పటికే బొజ్జ, మూడోసారి కూర్చునేసరికి దేవుళ్ళందరినీ పిలిచేవాడు, అయినా మానలేదు. బందరు కుర్రాళ్ళు చేరారు. ఎగువ ఊరివాళ్ళు మొదట దూరం నుంచి చూసి నవ్వుకున్నారు, తరవాత ఊరికే కూర్చోలేక ఒకరిద్దరు, ఆ పైన మిగతావాళ్ళు ఓ పక్కన మొదలుపెట్టారు. జైలరు గారు మంచివాడు, తోటపని మట్టి కొంత పోయించుకుని కుస్తీ గోదాలాగా చేసుకుంటామంటే సరేనన్నాడు. ములాఖత్‌లో ఇళ్ళ నుంచి వచ్చిన శనగలు ఎవరివి వాళ్ళం దాచుకోకుండా, అన్నీ ఒక్క బకెట్లో పోసి నానబెట్టుకునే పద్ధతి మావయ్యే పెట్టారు. రంజాను నెలలో ఆయన పొద్దంతా మంచినీళ్ళు ముట్టకుండానే మాచేత కసరత్తు చేయించి, సాయంత్రం ఆ శనగల్లోంచి గుప్పెడు తీసుకునేవారు. ఆయన గుప్పెడు తీసుకునేదాకా మేమెవరమూ బకెట్ జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. అలా ఉండమని మాకు ఎవరూ చెప్పలేదు.

జోడీలు ఎవరికి వాళ్ళు ఎంచుకోకూడదు, ఎత్తును బట్టి ఆయనే కలపాలి. అదొక్కటే ఆయన పెట్టిన నియమం. ఒక పొద్దున ఆయన నన్ను పిలిచి, ఎగువ ఊరివాళ్ళలో అందరికంటే పొడుగాయన ఎదురుగా నిలబెట్టారు. నాకంటే పదేళ్ళు పెద్ద, సన్నగా తాడిచెట్టులాగా ఉండేవాడు. మా తమ్ముడి చెయ్యి విరగ్గొట్టింది ఆయనేనని మా ఊళ్ళో అందరూ చెప్పారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయనా మొహం తిప్పేసుకున్నాడు. మావయ్య గోదా గట్టు మీద కూర్చుని, అయితే ఇవాళ ఎవరికీ లేదు, వెళ్ళండి అన్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు బందరు కుర్రాళ్ళు మా మీద పడ్డారు, మీ కాలవ తగువు కోసం మేమెందుకండీ కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం అని. మా బావే నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు.

అలా ఆయన చేతులు పట్టుకున్నాను. మిగతావాళ్ళు వేళ్ళు పట్టుకునేవారు, ఆయన మాత్రం మణికట్టు పట్టుకునేవాడు. అదీ వదిలితే ఏమవుతుందో అన్నంత గట్టిగా. సాయంత్రానికి నా మణికట్ల మీద ఎర్రగా అచ్చులు కనిపించేవి. కావాలనే చేస్తున్నాడనుకుని కొన్నాళ్ళు నేనూ అంతే గట్టిగా పట్టుకున్నాను. మేము మాట్లాడుకోకుండా ఎన్నాళ్ళు గడిపామో, ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అంత గట్టిగా ఎందుకండీ పట్టుకోవడం, నేనేమన్నా పారిపోతానా?"

ఆయన వెంటనే వదిలేసి, తన చేతుల వంక చూసుకున్నాడు. గట్టు మీద కూర్చున్నాక చెప్పాడు. ఉప్పెన వచ్చినప్పుడు ఆయన హంసలదీవి దగ్గర అత్తవారి ఊళ్ళో ఉన్నాడట, ఇరవై నిండని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. నీళ్ళు ఇంటి కప్పు దాటాక ఒక చేత్తో తుమ్మచెట్టు కొమ్మ, ఒక చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"వేళ్ళు పట్టుకున్నాను. మణికట్టు పట్టుకోవాల్సింది," అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరవాత ఆయన్ను బాబాయ్ అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టానో గుర్తులేదు. మణికట్టు గురించి మాత్రం నేను మళ్ళీ అడగలేదు.

బెయిలు ముందు మా పక్షానికి వచ్చింది. సంతోషంగా ఇంటికి వస్తే, ఊళ్ళో వాతావరణం మేము వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కోర్టులో ఎగువ ఊరివాళ్ళకు గట్టిగా శిక్ష వేయించాలని పెద్దలు పట్టుదలగా ఉన్నారు. అందరికంటే ముఖ్యమైన సాక్షి మా తమ్ముడు. నేను వాడితో బాబాయి సంగతి చెప్పబోయాను. వాడు మధ్యలోనే ఆపి, నెమ్మదిగా అన్నాడు.

"నీకేం అన్నయ్యా, లోపల కలిసి శనగలు తిన్నావు. చెయ్యి విరిగింది నాది."

వాడి చెయ్యి అప్పటికి కట్టు విప్పినా, పూర్తిగా చాచలేకపోయేవాడు. కొన్నాళ్ళు ఊరుకుని, బందరులో పనుందని చెప్పి వాణ్ణి బస్సెక్కించాను. జైలు దగ్గర దిగాక అసలు సంగతి చెప్పాను. వాడు కోపంగా చూశాడు గాని వెనక్కి తిరగలేదు.

జాలీ దగ్గరికి బాబాయి వచ్చాడు. మా తమ్ముణ్ణి చూసి, ఒక్క క్షణం లోపలికి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు.

"చెయ్యి ఆడతందా?" అని అడిగాడు.

మా తమ్ముడు చెయ్యి పైకెత్తి, మడిచి, ఎంతవరకు చాపగలడో అంతవరకు చాపి చూపించాడు.

"కర్ర ఎత్తినప్పుడు నీ మొహం చూడలేదు నాన్నా. చూసుంటే నీ ఈడువాణ్ణి కొట్టేవాణ్ణి కాదు," అన్నాడాయన. ఆయన తమ్ముడి వయసు ఎంతో నాకు తెలుసు గాని, వాడికి తెలియదు.

తిరుగు బస్సులో వాడు చల్లపల్లి దాటేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. తరవాత, "ఆ గలాటాలో ఎవరు కొట్టారో నాకు సరిగ్గా తెలియదు అన్నయ్యా," అన్నాడు. నేను వాడి వైపు తిరగలేదు, తిరిగితే ఏడుస్తానని.

కోర్టులోనూ వాడు అదే చెప్పాడు. ఈలోగా ఆసుపత్రిలో ఉన్న ఎగువ ఊరి ముసలాయన కోలుకుని ఇంటికి చేరాడు. బాబాయి బెయిలు మీద బయటికొచ్చి, ఊరికి వెళ్ళి ఏం మాట్లాడాడో గాని, ఆ ముసలాయన కూడా తనకు కళ్ళు సరిగ్గా ఆనవని చెప్పాడు. రెండు పక్షాల ప్లీడర్లూ విసుక్కున్నారు. రెండు కేసులూ కొట్టేశారు. ఆ మరుసటి ఏడు నాకు ఉద్యోగం వచ్చింది. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ, పిల్లల్లో పోట్లాడుకున్నవాళ్ళు ఎవరో చూసి మరీ జోడీ కట్టి బస్కీలు తీయించేవాణ్ణి. అది మావయ్య గారు ఇచ్చిన విద్య. ఆయనా తరవాత విడుదలయ్యారు. బందరు వెళ్ళినప్పుడల్లా ఇంటికి వెళ్ళి చూసేవాణ్ణి. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా, నేను వెళ్తే చెయ్యి చాచి నా పిక్కలు నొక్కి చూసేవారు, మానలేదు కదా అని.

బాబాయీ నేనూ ఏడాదికోసారైనా మోపిదేవిలో కలుసుకునేవాళ్ళం. ఆయనకు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం, నాకు ఆయన దర్శనం. దర్శనమయ్యాక కాఫీ తాగి, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేవాళ్ళం. మాట్లాడుకున్నది ఎప్పుడూ పెద్దగా లేదు.

రెండేళ్ళ కిందట ఆయన పోయారని ఆలస్యంగా తెలిసి, పెద్దకర్మ నాటికి వెళ్ళాను. వాళ్ళింట్లో నన్ను ఎరిగినవాళ్ళు లేరు. కొడుకు మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మీరు నాన్నగారికి ఏమవుతారండీ అని అడిగాడు. బాబాయి అవుతారు అన్నాను. ఏ వైపు నుంచండీ అన్నాడు. దిగువ ఊరి నుంచి అన్నాను. ఆ అబ్బాయి తలూపాడు గాని, అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. పాపం, ఆ రెండు ఊళ్ళ మధ్య ఒకప్పుడు అంత వైరం ఉండేదనే అతనికి తెలియదు, ఇక స్నేహం సంగతి ఎలా తెలుస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవగట్టు మీదుగా నడిచాను. సగం పొలాలు చేపల చెరువులయ్యాయి. మిగతా సగం కౌలుకిచ్చి, యజమానులు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటున్నారు. కాలవకు ఎవరూ అడ్డుకట్ట వెయ్యరు, వేసినా తెంచడానికి ఎవరూ రారు. జైళ్ళకు వెళ్ళాలనీ, తలలు పగలాలనీ నేను కోరను. మా తమ్ముడి చెయ్యి ఈనాటికీ పూర్తిగా సాగదు. కాని ఆ గట్టు మీద అంత దూరం నడిచినా, నువ్వెవరు, ఇటెందుకు వచ్చావని అడిగిన మనిషి లేడు. గొడవలు లేవని అందరూ సంతోషంగా చెబుతారు. నిజమే, లేవు. గొడవపడేంత దగ్గరగా ఎవరూ మిగలలేదు.