లేచి నిలబడ్డ ఏజెంటు

పెదనాన్న పోయాడని మొన్న దమ్మపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నం అన్నం తిని, అరుగు మీద పేపరు చదువుతూ అట్లాగే ఒరిగిపోయాడట. ఏ పేపరని అడిగాను, ఆ ఏడుపులోనే. ఎదుటి పార్టీ వాళ్లదేనంది అమ్మ.

జెండా మోసినన్నాళ్లూ ఆయన అలవాటు అదే. ముందు వాళ్ల పేపరు చదివి, తర్వాతే తన పార్టీ పేపరు ముట్టుకునేవాడు. "మనోళ్ల తప్పు మన పేపరు రాయదు గద" అనేవాడు. కిరోసిన్ డీలరు మా పార్టీవాడే అయినా, డబ్బా పట్టుకుని లైనులో చివర నిలబడేవాడు. పెద్దమ్మకు ఒళ్లు మండేది. ఇంత పలుకుబడి ఉండి ఇంట్లో దీపానికి చుక్క నూనె లేదేమిటని సణిగేది.

ఇప్పుడు ఆయన్ని తలచుకుంటే సర్పంచి ఎన్నికే గుర్తొస్తోంది. పోటీ చేసింది మా నాన్న. పోలింగ్ బూత్‌లో నాన్న తరఫు ఏజెంటు పెదనాన్న. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. మా పంచాయతీలోని కోయగూడెం వాళ్లు తెల్లారకముందే అడవికి పోయేవాళ్లు. పోలింగని ఆగితే ఆకు ముదురుతుంది, ముదిరిన ఆకును కొనుగోలు కల్లంలో ఎవరూ తీసుకోరు మరి. అట్లా అడవికి పోయినవాళ్ల ఓట్లు ఎవరికి వీలైతే వాళ్లు గుద్దేసుకోవడం మా ఊళ్లో ఆనవాయితీ. రెండు పార్టీలూ చేసేవి, రెండూ ఎదుటివాళ్లను తిట్టేవి.

ఆ రోజు మావాడొకడు గూడెంలోని ముసలాయన పేరు చెప్పుకుని లోపలికొచ్చాడు. ఎదుటి ఏజెంటు చాయ తాగడానికి బయటికి పోయి ఉన్నాడు. పెదనాన్న లేచి నిలబడ్డాడు. ఈ మనిషి మావాడే గానీ ఆ పేరు ఇతనిది కాదని అధికారికి చెప్పాడు. ఆయన తికమకపడి, ఇంతకీ మీరు ఎవరి ఏజెంటండీ అని అడిగాడట. మావాళ్లు ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అన్నిసార్లూ పెదనాన్న లేచాడు. పోలింగు ముగిసేలోపు గూడెం వాళ్లు ఆకు పసరు అంటిన చేతులతోనే వచ్చారు. వాళ్ల ఓట్లు వాళ్లకు మిగిలే ఉన్నాయి. వేశారు, ఎదుటివాడికి. నాన్న కొద్ది తేడాతో ఓడిపోయాడు.

పార్టీవాళ్లు ఆయన ఇంటిమీదికొచ్చి నానా మాటలూ అన్నారు. పెదనాన్న అన్నీ విని, "పార్టీ చెప్పు లాంటిది. తొడుక్కుని నడవాలె. నెత్తిన పెట్టుకుంటే జనం నవ్విపోతరు" అన్నాడు. నాన్న ఒక్కటే అడిగాడు, లేచేటప్పుడు సొంత తమ్ముడి మొహం గుర్తు రాలేదా అని.

పెదనాన్న తల వంచుకున్నాడు. "వచ్చిందిరా. కానీ రేపు గూడెమోళ్ల భూమి ఎవడన్న గుంజుకుంటే, వాళ్ల ఓటే కాపాడనోణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడ్డం పోత?"

నాన్న చెప్పులేసుకుని వచ్చేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లు అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లిళ్లలో వేరువేరు పంక్తుల్లో కూర్చునేవారు. అమ్మ మాత్రం ఏటా వాళ్లింటికి కొత్తావకాయ పంపడం మానలేదు, నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. నాన్న గెలిచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంటుంది, దాచుకోవడం దేనికి? కానీ పెదనాన్న ఆ రోజు కూర్చుండిపోయి ఉంటే, ఇవాళ ఆయన గురించి రాయడానికి నాకేమీ ఉండేది కాదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నాన్న మళ్లీ నిలబడ్డాడు. ఒకరోజు పొద్దున్నే కండువా భుజాన వేసుకుని, అన్నగారి గడప తొక్కి, ఏజెంటుగా కూర్చోమని అడిగాడు. ఆ మాటలు పెద్దమ్మ చెప్పగా విన్నాను.

"కూసుంట గానీ, దొంగ ఓటొస్తే మళ్ల లేస్త" అన్నాడట పెదనాన్న.

"లేస్తవనే వచ్చిన, అన్నా."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయిందట.

ఆసారి పెదనాన్న బెంచీ మీద నుంచి లేవాల్సిన అవసరమే రాలేదు. ఆయన కూర్చున్నాడని తెలిసి దొంగ ఓటుకు ఎవరూ రాలేదు, వాళ్ల వైపు నుంచీ, మా వైపు నుంచీ. నాన్న మళ్లీ ఓడాడు. లెక్కింపు అయ్యాక ఇద్దరూ ఒకే సైకిలు మీద ఇంటికి రావడం నేను వాకిట్లో నిలబడి చూశాను. వెనక కూర్చున్న పెదనాన్న ఏదో అంటున్నాడు. ఓడిపోయిన మా నాన్న పగలబడి నవ్వుతూ తొక్కుతున్నాడు.